అంచు

పదకొండు నెలలు మేకతోలు మీద రాశాను.
గొజ్జాం కొండల్లో, యూకలిప్టస్ పొగ నిండిన గుడిసెలో,
మోకాలే బల్ల.
మసీ, మాడ్చిన గింజల పొడీ కలిపి నూరిన సిరా.
పవిత్రమైన పేరు వచ్చినచోట ఎరుపు.
యిబెల్తాల్ అక్షరాలు బారుకట్టిన చీమలని
ఊరంతా మెచ్చుకునేది.
నాకు మాత్రం ఎక్కడో ఒక చీమ కుంటుతూ కనిపించేది.

అక్షరం కాలు కాస్త వంగితే చాలు, కత్తితో గీకేవాణ్ణి.
గీకినచోట రాసి, రాసినచోట మళ్ళీ గీకి,
అమ్మ పంపిన ఇంజెరా ఎండి అట్టయ్యేదాకా.
ఉపవాసం కాదది, భయం.
తప్పు చేసినవాడికి తిండెందుకని
నాలో ఒకడు కూర్చుని పద్దు రాసేవాడు.
వాడి సిరా ఎన్నడూ అయిపోయేది కాదు.

ఆ కీర్తనలో ప్రతి వరుస చివరా ఒకే మాట తిరిగొస్తుంది.
ఇరవై ఆరుసార్లు.
ఆకాశం పరిచినా అదే, సముద్రం చీలినా అదే,
రాజులు కూలినా అదే.
మిహ్రెత్ అంటాం మేం. కృప.
పుట ఆరాక వేలు పెట్టి లెక్కించాను.
ఇరవై ఐదు.
మళ్ళీ.
ఇరవై ఐదే.
ఇన్ని మాటల్లో, పోయి పోయి దాన్నా మరిచింది!

ఆ రాత్రి కత్తి నూరి కూర్చున్నాను.
సముద్రం చీలిన వరుసంతా చెరిపి, ఇరికించి రాద్దామని.
గీకాను, గీకాను,
తోలు వెనక పెట్టిన దీపం
తోలులోంచి నన్ను చూసింది.
చిల్లి. బొటనవేలి గోరంత.
మరిచింది ఒక్క మాట,
చిల్లి మాత్రం పూర్తిగా నా చేతిపని.

తెల్లారి మెరిగేతా లిసానెవర్క్ ముందు పుట పెట్టి
నేలచూపులు చూశాను.
ఆయన దాన్నెత్తి, చూపున్న ఒక్క కన్నూ చిల్లికి ఆనించి,
"కొండ బాగా కనిపిస్తోందిరా" అన్నాడు.

"ఈ కట్టంతా తగలబెట్టి మొదటినుంచి రాస్తానయ్యా."

"మేకను కూడా మొదటినుంచి కంటావా?"

నాకు నవ్వు రాలేదు.
ఆయన నరంతో దారం తీసి, చిల్లి అంచులు కుట్టాడు,
చిరిగిన జేబు కుట్టినంత మామూలుగా.
తర్వాత తన పాత పుస్తకం విప్పాడు.
పుటపుటకీ వరుసల పైన
పిట్టల్లా వాలిన చిన్న చిన్న మాటలు.
"నలభై ఏళ్ళ నా మతిమరుపు ఇది.
గీకుతూ కూర్చుంటే పుస్తకం మిగిలేదా?
పుట చుట్టూ ఇంత అంచు ఎందుకు వదులుతాం, అందానికా?
రాసేవాడు మనిషని ముందే తెలిసి
వదిలించిన చోటురా అది."

కాసేపు ఏమీ అనలేదు. కుక్క ఒకటి గడపలో గోక్కుంటోంది.

"నీ తప్పుల కోసం ఆయన తన ఒంటి తోలే ఇచ్చాడు.
అది చాలదన్నట్టు
నువ్వు నీ తోలు గీక్కుంటున్నావు."

వరుస దగ్గర చిన్న గుర్తు పెట్టించాడు.
అంచులో ఆ మాట రాశాను.
చెయ్యి వణికింది, మొదటి అక్షరం కాలు వంగింది.
కత్తి కోసం తడుముకున్నాను.
దాంతో ఆయన ఉల్లిపాయ తరుగుతున్నాడు.

"రా, తిందువుగాని."
"ముందు ఇది సరిచేసి..."
మాట పూర్తికాలేదు.
ఇంజెరా ముక్కలో కూర చుట్టి
నా నోటికే అందించాడు. గుర్షా.
తీసుకునేవాడికి ఇందులో పనేమీ లేదు,
నోరు తెరవడం తప్ప.
గడ్డం మీద పులుసు కారింది. తుడుచుకోలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు కొండ అవతలి గుళ్ళో ఉంది.
పండగలకు వెళ్తే ఒకసారి విప్పి చూస్తాను.
మారిపోయానని చెప్పను, లెక్కపెట్టే అలవాటు పోలేదు.
వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతాను.
ఇరవై ఐదు దాకా వచ్చి
కళ్ళు అంచుకు జరుపుతాను.