ఇంకోడు

పగలు వేయింగ్ బ్రిడ్జి మీద లారీల్ని తూస్తాను,
ఒక్కొక్కటే.
రెండోదాని ముందుచక్రం ఎక్కినా కాంటా ఒప్పుకోదు.
రాత్రి, ఇనుము కరిగించే ఈ వైయాలాలో,
ప్లేఫర్డ్ అవెన్యూ వెనక అద్దెగదిలో
హీటరు కాళ్లకు దగ్గరగా లాక్కుని
ఐదుగుర్ని ఒకేసారి నిద్రలేపుతాను.

ముందు నడిచేది బండోడు. డాలు వాడిది, దెబ్బలూ వాడివే.
పోయే ప్రాణాల్ని పట్టి లాగేది మంత్రసాని.
గురివింద చేతిలో విల్లు;
ఎంత దూరమైనా కొడుతుంది, తన వీపెప్పుడూ చూసుకోదు.
చిటికెలయ్య చిటికేస్తే నిప్పు.
ఐదోవాడికి పేరు తోచలేదు.
పేరు లేందే ముందుకి పోనివ్వనంది తెర.
ఇంకోడు, అని కొట్టాను.

ఒక మీట నొక్కితే పది కాళ్లు కదుల్తాయి.
బండోడి వెనక మిగతావాళ్లు
విడిదింటికి పోయే మగపెళ్లివారిలా.
వంతెన మీద మాత్రం ఎవరో ఒకరు నీళ్లలో పడతారు,
ఎవరో ఏంటి, ఇంకోడే.
తిట్టుకుంటూ నలుగుర్నీ ఆపి
వాడికోసం వెనక్కి.

చిన్నప్పుడు నరసరావుపేటలో అవధానం జరిగితే
గంట కొట్టే పని నాకిచ్చారు.
ఒకరిది సమస్య, ఒకరిది దత్తపది,
ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డం,
పనికిమాలిన కబుర్లకి ఒకాయన ప్రత్యేకం.
మధ్యమధ్య నేను, టంగుమని.
చివర్న ఆయన కళ్లు మూసుకుని
పద్యాలన్నీ అప్పజెప్పి
గంటలు ముప్పై ఒకటి అన్నాడు.
నేను కొట్టినవి ముప్పై రెండు.
చప్పట్లు అప్పటికే మోగుతున్నాయి.
నేనూ తలూపాను.

సోమవారం డారెన్ అడిగాడు, సెలవుల్లో ఏం చేశావని.
మనుషులతో ఉన్నానన్నాను.
ఎంతమంది?
ఐదుగురం.
వాడికి లెక్క అక్కర్లేదు, కటిల్‌ఫిష్ కబుర్లు కావాలి:
ఈ చలికి పాయింట్ లోలీ దగ్గర వేలకి వేలు వచ్చాయట,
చిన్న మగది చేతులు ముడుచుకుని, ఆడదాని రంగు కట్టుకుని
పెద్దదాని ముక్కు కిందనుంచే జారిపోతుందట.
దొరికిపోతే? అన్నాను.
లారీ హారన్ కొట్టింది.

ఆ రాత్రే ఉప్పుగుహ ముందు
ముగ్గురు కొత్తవాళ్లు ఎదురయ్యారు.
మీరంతా ఎవరెవరని ఒకడు.
బండోడు: ఇప్పుడే షిఫ్టు దిగొచ్చా.
మంత్రసాని: పాప పడుకుంది, మెల్లగా మాట్లాడండి.
గురివింద ఒక జోకు వేసింది,
చిటికెలయ్య నవ్వాడు, కాస్త ఆలస్యంగా,
నా వేళ్లు వాడి కిటికీ వెతుక్కోవాలిగా.

ఆయనేం మాట్లాడడా?
ఇంకోడిని చూసి అడిగారు.

మీటల మీద చెయ్యి పెట్టి కూచున్నాను.
నలుగురికి నాలుగు గొంతులు కుదిరాయి,
వీడిదగ్గరికొచ్చేసరికి నా గొంతే వచ్చింది.
అందరూ నేనే, అని రాశాను.

చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఆ ముగ్గురూ చెయ్యెత్తి ఊపారు,
ఒకేసారి,
వెంట్రుకవాసి తేడా లేకుండా
మూడు చేతులు.

గుహలోకి ఎనిమిదిమందిమి దిగాం.
ఒకరి వేషాల్ని ఒకరం
మరిక పేరుపెట్టి పిలుచుకోలేదు.

మూడింటికి, పొద్దున్నే పనుంది అని పోయాడు.
ఇద్దరు మాయమయ్యారు. మూడోది ఇరుక్కుపోయింది,
నెట్టు తెగిందో ఏమో, గోడకేసి నడుస్తూనే ఉంది,
ఉన్నచోటే.
మంత్రసానితో దానికో మందు వేయించాను.
గాయమేం లేదు.
ఇంకోడిని తాడు విప్పి పంపాను, పక్కన నిలబడమని.
కాసేపటికి అదీ పోయింది.

వాణ్ని వెనక్కి పిలవలేదు.
హీటరు కట్టేసి పడుకున్నాను.
రేపు తెరిస్తే నలుగురొకచోట ఉంటారు,
వాడక్కడ, గుహలో,
గోడకేసి చూస్తూ.