ఖాళీ చోటుకి పాసు

చీమకుర్తి నుంచి క్వారీ ఓనరు ఫోన్లో అడుగుతాడు:
"ముగ్గుర్ని కొన్నాం గదా, ఇంకేందయ్యా?"

ఏం చెప్పను.
మలకొండయ్యకి శాలువా కప్పి
ఒంగోలు బస్సెక్కించాం.
మొన్న ఆటలో మస్తాన్‌వలి
తలెత్తకుండానే బంతిని ఎడమకి తోశాడు,
మలకొండయ్య పదకొండేళ్ళు నిలబడ్డ చోటుకి.
అక్కడెవరూ లేరు.
బంతి గీత దాటిపోయి
రాతిపొడి పేరుకున్న కంచె కింద ఆగింది.

కొత్తోళ్ళు మంచోళ్ళే.
ఒకడు పంజాబీ, ఒకడు ఒడియా,
మూడోవాడు మన మర్రిపూడి వాడే, అయినా నోరు విప్పడు.
మెస్సులో గోంగూర గిన్నె మాత్రం చేతులు మారుతోంది.
ఈ సీజన్లో మాకు సరిగ్గా అందిన పాసు అదొక్కటే.

గోలీకి ఇంకా మూడేళ్ళ కాంట్రాక్టుంది,
నడుముకి లేదు.

అట్టడుగున ఉంటే
వచ్చే వేలంలో ముందు పిలుపు మనదేనని
ఆఫీసువాళ్ళ లెక్క.
ఓడటం కూడా అలవాటవుతుందని
ఆ కాగితం మీద ఎవరూ రాయలేదు.

క్వారీలో మేస్త్రి పెంచలయ్య
నల్లరాయిని సుత్తితో తట్టి చెవి పెడతాడు.
లోపల నెర్రె ఉంటే మోగదంట, డబ్బుమంటదంట.
నేనూ తెల్లారి ఐదింటికి
కర్రకి బంతి తగిలే చప్పుడికి చెవి పెడతాను.
ఇంకా డబ్బుమనే అంటోంది.

"వచ్చే ఏడు కప్పు తెస్తావా?"

సార్, ముందు
మస్తాన్‌వలి తలెత్తి చూడటం నేర్చుకోవాలి.
వాడొక్కడే కాదు.
పొద్దున హాజరు పిలిచేటప్పుడు
నాలుగో పేరు దగ్గర
నేనింకా
మలకొండయ్యా అనే పిలుస్తున్నాను.