తేడా గడి

గ్రిమ్స్‌బీ రేవులో పొద్దున్నే ఈదురుగాలి.
ల్యాబు తలుపు తీయగానే ముందు వాసన పలకరిస్తుంది,
ఆ తర్వాతే డొరీన్.

నిన్న వొలిచిన రొయ్యలొచ్చాయి,
తలల్లేవు, నరం తీసేశారు.
మెత్తగా నూరి పళ్ళేల్లో పరిస్తే
నూటఐదు డిగ్రీల వేడికి తెల్లవార్లూ ఆరాయి.
పోయిన బరువంతా నీరే:
డెబ్బై ఎనిమిదీ, ఒక పిసరు.
మిగతా రొయ్యంతా
ఆ నీళ్ళని పట్టుకున్న పిడికిలి.

మాంసకృత్తులు ఎవరికీ కనబడవు.
ఆమ్లంలో ఉడికించి, నత్రజనిని ఆవిరిలో పట్టి,
బొట్టు బొట్టూ లెక్కగట్టి
ఆరుంబావుతో గుణిస్తాం.
ఆరుంబావే ఎందుకని కొత్తలో అడిగాను.
"నేను చేరినప్పుడూ అంతే" అంది డొరీన్.
ఇరవై. ఇంకో పిసరు.

కొవ్వు సగం దాటి కాస్త:
గిన్నె అడుగున పచ్చటి మరక.
జనం హడలిపోయే కొలెస్ట్రాలు ఆ మరకలోనే ఉంది.

బూడిదంటే నాకిష్టం.
కొలిమిలోంచి మూస తీస్తే
చిటికెడు, తెల్లగా, ఊపిరి తగిలితే లేచిపోయేంత.
అయిదువందల యాభై డిగ్రీలూ అడిగి అడిగి
రాబట్టలేకపోయిన ఉప్పు, భాస్వరం, రవ్వంత సెలీనియం.
ఒకటిన్నర.

పిండిపదార్థాన్ని మాత్రం ఎవరూ కొలవరు.
నూట్లోంచి అన్నీ తీసేయగా మిగిలేదే అది.
తీసేశాను.
మైనస్ సున్నా పాయింట్ మూడు.

అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్టేమైందని
మా వైపు సామెత.
ఇక్కడ బుట్ట భద్రంగానే ఉంది,
రొయ్యే తనకన్నా ఎక్కువ తూగింది.

త్రాసు తుడిచాను. మళ్ళీ తూచాను.
"సున్నా వేసెయ్యి" అంది డొరీన్, తల ఎత్తకుండా,
"రొయ్యలో నత్రజని అంతా మాంసకృత్తు కాదు,
కొంత ఊరికే తిరుగుతుంటుంది. రుచి దానిదే.
దాన్నీ ఆరుంబావుతో గుణించేస్తాం, పాపం."

సున్నా వేశాను.

మధ్యాహ్నం రేవు గట్టున
కాగితం కప్పులో రొయ్యలు, పైన వెనిగరు.
ఒకటి నోట్లో వేసుకుని ఆగాను.
పులుపు దిగాక, ఉప్పు దిగాక,
నాలుక అంచున ఏదో తీపి,
ఏ గడిలోనూ రాయనిది.

డొరీన్‌కి చెబుదామని ఇటు తిరిగి
అటు చూసేసరికి కప్పులో రెండు తక్కువ.
ఇనుప గుంజ మీద
ఒంటికాలిపై సీగల్,
పుట్టు శాకాహారిలా
సముద్రం కేసి చూస్తూ.