ఇంటికి పంపే బరువు

కెజిక్‌లో వాన పడుతోందని చెప్పడం దండగ.
అక్కడ వాన పడదు, ఉంటుంది.
మెట్ల మీద నీళ్లోడుతూ
నేనూ, కడప మెహరున్నీసా
కొట్టు పైఅంతస్తుకి ఎక్కాం
ఇద్దరు పట్టే డేరా కోసం.

ప్రెస్టన్‌లో నైట్ డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చాం,
పెన్రిత్ దాకా రైలు, ఆపైన బస్సు.
కళ్లలో ఇసుక.
వార్డు సబ్బు వాసన ఇంకా చేతుల్ని వదల్లేదు.
వచ్చే నెల ఐదు రోజులు కొండల మీద నడవాలని
పోయిన చలికాలం, టీ చల్లారిపోతుంటే, అనేసుకున్నాం.

కొట్టు కుర్రాడు గ్రేమ్
సొరకాయంత సంచీ ఒకటి నా చేతుల్లో పెట్టి
"పదమూడు వందల గ్రాములు" అన్నాడు,
మేనమామలా మురిసిపోతూ.

నా మోచెయ్యి దానంతటదే వంగింది.
ఎడమ అరచెయ్యి కిందికి జారి
లేని మెడని పట్టుకుంది.

నాకు తెలుసు ఈ బరువు.
ముప్ఫై వారాలు నిండీ నిండకుండానే
తొందరపడి వచ్చేసేవాళ్ల బరువు.
మా వార్డులో ఇరవై గ్రాములు పెరిగితే
చార్టు పక్కన నక్షత్రం గీస్తాం,
తల్లికి ఫోన్ చేసి మరీ చెబుతాం.
ఇక్కడేమో గ్రాము తగ్గిన కొద్దీ ధర పెరుగుతోంది.
తొమ్మిది వందల గ్రాములది ఒకటి
అద్దాల బీరువాలో ఉంది,
నా నెల అద్దెలో ముప్పాతిక.
దానికేసి ఎక్కువసేపు చూడలేకపోయాను.
చూస్తే దుప్పటి కప్పబుద్ధేస్తుంది.

"ఉల్లిపొర మాదిరి ఉందే" అంది మెహర్
బట్టని వేళ్ల మధ్య నలుపుతూ.
"గాలికి నిలుస్తాదా ఇది?"
పదిహేను డెనియర్, సిలికాన్ పూత,
గ్రేమ్ చెప్పుకుపోతున్నాడు.
ఉల్లిపొరలు ఎంత గాలికి నిలుస్తాయో
మెహర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.
ఊరికే, బేరం కోసం అడుగుతోంది.

నేల మీద వేసి చూపించాడు.
బూట్లు విడిచి దూరాం.
ఇద్దరికి అని రాసుంది గానీ
ఆ ఇద్దరికీ పాత కోపాలేవీ ఉండకూడదు.
ఆమె భుజం, నా భుజం,
మధ్యలోకి గాలి కూడా అడిగి రావాలి.
ఆరేళ్లుగా రాత్రుళ్లు కలిసి మేలుకున్నాం.
కలిసి నిద్రపోవడం ఎరగం.
పైన పసుపుపచ్చ బట్ట, దాని వెనక ట్యూబులైటు.
ఇంక్యుబేటర్ లోపలినుంచి లోకం
ఇలాగే కనిపిస్తుందా?
ఎవరివో తడి బూట్లు ఆగి,
మా మేజోళ్లు చూసి, వెళ్లిపోయాయి.

"తలుపు ఒకటే" అన్నాను.
"ఐతే ఏం?"
"మూడింటికి లేస్తాను కదా, సెలవు రోజున కూడా.
పాలు పట్టే వేళకి చేతులు లేస్తాయి, వాటి వెనకే నేను.
నిన్ను తొక్కుకుంటూ పోవాలి."
మెహర్ పైన కుట్లు లెక్కపెడుతూ ఉండిపోయింది.
"నేనూ మూడింటికే లేస్తా" అంది.
"నీకెప్పుడూ చెప్పలే."

రెండు తలుపులది తెమ్మన్నాం.
గ్రేమ్ మొహం చిన్నబోయింది.
"అది బరువెక్కువ" అన్నాడు,
చెడ్డ కబురు మోసుకొచ్చినవాడిలా,
"పద్దెనిమిది వందల గ్రాములు."

ఇద్దరం ఒకేసారి నవ్వాం.
అతనికి ఎలా చెప్పాలి,
ఆ అంకె కోసమే కదా వారాల తరబడి
సన్నటి గొట్టంలో బొట్టు బొట్టుగా పాలు పోసేది.
ఆ అంకె పడిన పొద్దున
వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి
కారు సీటు తెచ్చుకోమంటాం.

ఊచలు తను మోస్తుంది, బట్ట నేను.
మేకుల సంగతి బస్సులో తేల్చుకుంటాం.
నేను బిల్లు కడుతుంటే
మెహర్ సంచీని భుజానికెత్తుకుని
అలవాటు చొప్పున వీపు మీద రెండుసార్లు తట్టింది.

త్రేన్పు రాలేదు.
బయట వాన అలాగే ఉంది.