ఉడికినదాన్ని వెచ్చబెట్టడం

క్రిస్మస్ ముందురోజు వంట
కొత్తగా చేరినవాళ్ళదే.
మా ఫైర్ స్టేషన్‌లో ఎక్కడా రాసిలేని రూలు.
కెప్టెన్ రెనార్డ్ హామ్‌ను
చంటిపిల్లని దించినట్టు బల్ల మీద దించి,
"ఐలా, భయపడకు.
ఇది ఫ్యాక్టరీలోనే ఉడికొచ్చింది.
నువ్వు చేయాల్సిందల్లా
చెడగొట్టకుండా ఉండటమే" అన్నాడు.

తొమ్మిది పౌన్ల పంది తొడ.
ఎర్ర రేకు, దాని మీద వల,
వలకి వేలాడుతూ ధర చీటీ.
రేకు విప్పాను. వల కోశాను.
ఎముక చివర అంటుకుని
తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ,
కొవ్వులో కొవ్వులా కలిసిపోయి.
గోటితో లేపాను.
చెత్తబుట్ట దూరంగా ఉంది.
చొక్కా జేబులో వేసుకున్నాను.

కోసిన ముఖం కిందికి పెట్టి
చూపుడువేలి మొదటి కణుపు దాకా నీళ్ళు పోసి
పైన రేకు గుడారం వేసి
సన్నని సెగలోకి తోశాను.
పౌనుకి పన్నెండు నిమిషాలు.
లెక్క తప్పుతానని రెండుసార్లు వేశాను.

డబ్బాతో ఇచ్చిన పాకం పొడి
మందు వాసన కొట్టింది.
బ్రౌన్ షుగరూ, ఆవముద్దా, పైనాపిల్ రసమూ
చిన్న గిన్నెలో పోసి
తీగ సాగేదాకా తిప్పుతూ నిలబడ్డాను.
కిటికీ అవతల సుపీరియర్ సరస్సు
గడ్డకట్టాలో వద్దో
ఇంకా తేల్చుకోలేదు.

గంట మోగింది.

బూట్లలో కాలు పెట్టకముందే
పొయ్యి కట్టాలి, అది రాసి ఉన్న రూలు.
పాకం గరిటెతో సహా అలాగే వదిలేశాను.

కొండ దిగువ వీధిలో చివరి ఇల్లు.
నీలం పొగ. బొమ్మ కాలిన వాసన
నాలుక మీద కూడా.
ఆర్వో నిస్కనెన్, ఎనభై దాటినవాడు,
మంచులో మేజోళ్ళతో నిలబడి ఉన్నాడు.
ఒక చేతికి ఇంకా వంట గ్లవుజు.
ఇల్లు సర్దకముందే చుట్టాలొచ్చినట్టు
మమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడు.

మంటేమీ లేదు.
ఓవెన్ తెరిస్తే హామ్,
గట్టు మీద అదే ఎర్ర రేకు.
ఎముక చివరి బిళ్ళ కరిగి
కొవ్వొత్తిలా కిందికి కారి
కాలే కడ్డీ మీద పొగలు కక్కుతోంది.

"ఉడికిందే కదా అని..." అన్నాడు.
"రేపు ఆసుపత్రికి పట్టుకెళ్దామనుకున్నా.
మా సైమీకి తుంటి ఆపరేషన్.
యాభై ఏళ్ళుగా తనే చేస్తుంది, నేను కోస్తాను.
ఆ బిళ్ళ సంగతి ఎప్పుడూ చెప్పలేదు."

చెప్పి ఉండదు.
గోటితో లేపి పారేసే పనిని
ఎవరు ఎవరికి చెబుతారు?
నా జేబు నాకు బరువుగా తగిలింది.

కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్ పెట్టి,
కడ్డీ చల్లారాక గీకి గీకి శుభ్రం చేశాం.
ఆయన మాకు కాఫీ ఇచ్చాడు.
అందులోనూ ప్లాస్టిక్ వాసనే.
అందరం తాగాం.

తిరిగొచ్చేసరికి మా హామ్
వెచ్చగానూ లేదు, చల్లగానూ లేదు.
మళ్ళీ వెలిగించాను.
చివర్లో రేకు తీసి, కత్తితో డైమండు గళ్ళు గీసి,
గడికో లవంగం గుచ్చి,
గట్టిపడిన పాకాన్ని వేడినీళ్ళతో బతిమాలి
పైన పూశాను.
రాత్రి తొమ్మిదిన్నరకి తిన్నాం.
అంచులు కాస్త ఎండిపోయాయి.
దెలానీ మూడోసారి వడ్డించుకుంటూ
"బాగా ఎండింది" అన్నాడు.

మొదట కోసిన మెత్తటి ముక్కలు
ఇద్దరికి సరిపడా
అప్పటికే రేకులో చుట్టి పెట్టేశాను.
తెల్లారి డ్యూటీ దిగి
ఇంటికెళ్ళే దారిలో ఇచ్చాను.
దారి అటు కాదు. అయినా.

జనవరి రెండున స్టేషన్‌కి ఫోన్.
అత్యవసరం నంబరుకి కాదు, మామూలు దానికి.
ఆడగొంతు, గట్టిది,
తుంటి ఎముకతో పనిలేనిది:
"ఆ ఎముక పారేశారా?
బఠాణీ సూప్‌కి కావాలి.
మావాడు మాది పారేశాడు, పిచ్చోడు."

ఫ్రీజర్ తలుపు తీసి చూశాను.
ఉంది.