పప్పులో కాలు, ఓడలో పానా

ప్లేట్ షాపులో సీరపు దాలినాయుడి రిటైర్మెంటు సభ.
తెలుగు బాగా రాస్తానని పేరుండబట్టి
పర్సనల్ ఆఫీసు గుమస్తాని, నా చేతికిచ్చారు మైకు.
బయట డాల్ఫిన్ నోస్ మీద ఎండ.
లోపల ఇనుప రజను పట్టిన ఫ్యాను.

"ఈయన," అన్నాను,
రాత్రంతా అద్దం ముందు దిద్దుకున్న వాక్యం,
"తన పది వేళ్ళూ ఈ యార్డుకే ఇచ్చేశారు!"
రెండు చేతులూ విప్పి గాల్లో చూపించాను కూడా.

చప్పట్ల కోసం ఆగాను.

ఫ్యాను ఒక్కటే తిరిగింది.
వెనక బెంచీలో వెల్డర్లు బూట్లకేసి చూసుకున్నారు.
అప్పుడు కనబడ్డాయి నాకు
బంతిపూల దండ కింద జోడించిన ఆయన చేతులు:
ఎడమ చేతి వేళ్ళు రెండు
జత లేక నిలబడి ఉన్నాయి.

పక్క కుర్చీలో స్కాట్లాండు సర్వేయరు మర్డో,
తెలుగు రాకపోయినా నా పది వేళ్ళూ చూసినవాడు,
చెవిలో గొణిగాడు:
"యూ డ్రాప్డ్ ఎ క్లాంగర్, మై ఫ్రెండ్."
ఏదో పడిపోయిందనుకుని
బల్ల కింద వెతికాను, పెన్ను కోసం.

తర్వాత టీ దగ్గర అడిగితే
క్లాంగ్ అంటే ఇనుము మీద ఇనుము పడ్డ మోత అన్నాడు.
మొదట పడేసిందేమిటి? గంటా, సుత్తా, పానానా?
భుజాలెగరేశాడు.
వాళ్ళ నాన్న అనేవాడట, అంతే తెలుసట.
ఆ మాట సర్వీసు రిజిస్టరులో
పుట్టిన ఊరు, తేదీ, రెండు గళ్ళూ ఖాళీ.

కానీ నాకా మోత తెలుసు.
కడుతున్న ఓడ ఖాళీ పొట్టలో పానా జారితే
సింధియా జంక్షన్ దాకా వినబడ్డట్టుంటుంది.
నలభై తలలు ఒకేసారి లేస్తాయి,
"ఎవుడ్రా అదీ!"

మా తప్పుకి మోత ఉండదు, మర్డో.
మేం పప్పులో కాలేస్తాం.
"ఎవరి పప్పు? నేల మీదెందుకుంది?"
జవాబు లేదు నా దగ్గర.
ఏ పెళ్ళి పంక్తిలోనో, నెయ్యి గిన్నె పట్టుకుని
హడావిడి పడ్డవాడు
వెనక్కి వేసిన ఒక్క అడుగు కావచ్చు.
అదీ ఊహే. అక్కడా గళ్ళు ఖాళీ.
మెత్తగా, వెచ్చగా దిగబడుతుంది,
ముందు తెలిసేది పాదానికే.
ఆ పైన ఎక్కడికి నడిచినా
పసుపు అడుగులు వెనకాలే వస్తాయి.

మైకు సంగతి చెప్పనేలేదు కదూ.
నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు దాలినాయుడు.
"గుమస్తాబాబు లెక్క తప్పీసేరు.
యార్డుకిచ్చింది రెండేనండి.
ఎనిమిదీ ఇంటికట్టుకెల్లిపోతన్నాను."

రేకుల కప్పు అదిరేలా నవ్వింది షాపు.
క్రేను జగ్గారావు ఒక్కడే
తల ఎత్తలేదు.

వారం తర్వాత పాత ఫైలు తీశాను.
ప్లేటు దిగేటప్పుడు. కుడి చేయి. రెండు వేళ్ళు.
క్రేను నడిపినవాడు: జగ్గారావు.
గాయం: స్వల్పం.
అట్టడుగున, టైపు చేసినవాడి పొట్టి సంతకం.
నాదే.

ఏ మోతా రాలేదు ఆ కాగితంలోంచి.
టక్ టక్ మని కొట్టి, సీలేసి,
టీకి వెళ్ళిపోయి ఉంటాను ఆ రోజు.

సభ రోజు మధ్యాహ్నమే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది.
క్యాంటీన్లో దాలినాయుడు
జగ్గారావుని పిలిచి పక్కన కూచోబెట్టుకుని
మూడు వేళ్ళతో గరిటె పట్టి
మామిడికాయ పప్పు వడ్డించాడు.
అన్నం కనబడనంత.
గుమ్మంలో ఆగిపోయిన నన్ను చూసి,
"రండి బాబూ," అన్నాడు,
"సూసుకుని అడుగెయ్యండి."