మొఖం చూస్తే తెలవదా

పకు గుడిస్తే పి,
లకు లావత్తిస్తే ల్ల,
లకు కొమ్మిస్తే లు.
మాల్యాద్రి వేలు చివరి అక్షరం మీదికి చేరేసరికి
మొదటిది ఎక్కడో తప్పిపోయి ఉంటుంది,
ఒక మేకను దొడ్లోకి తోలేలోగా
ఇంకోటి కంప దూకి పోయినట్టు.
"ఇప్పుడు కలిపి చెప్పరా" అంటాను.
వాడు నా మొఖం వంక చూస్తాడు,
జవాబు అక్కడేమైనా రాసి ఉందేమోనని.

రెండో తరగతి. కలిగిరి శివారు బడి.
పొగాకు రోజుల్లో పిలకాయల చొక్కాలక్కూడా
ఆ ఘాటు అంటుకుని వస్తుంది.

వాడు నాలుగు రోజులు రాలేదని వెతుక్కుంటూ పోతే
రేకుల షెడ్డులో వాళ్ళమ్మ వెంగమ్మ
ఆకు గ్రేడు చేస్తా ఉంది.
ముందర ఒక గుట్ట, చుట్టూ అయిదు కుప్పలు.
ఈనెలు లెక్కపెట్టదు, అంచు కొలవదు.
చేతిలో ఆకు తిరగనైనా తిరగదు,
దాని కుప్పలో అది పడిపోతుంది.
వచ్చిన పని మరిచిపోయి నిలబడ్డాను.
"ఎట్టా తెలుస్తుందమ్మా?"
తలెత్తకుండానే చెప్పింది:
"ఏముండాది సారూ, రోజూ చూసే ఆకేగా.
మొఖం చూస్తే తెలవదా?"

ఆ రాత్రి ఎరువుల కొట్టు క్యాలెండరును
జనవరి నుంచి డిసెంబరు దాకా కత్తిరించాను.
వెనకవైపు తెలుపు మీద, లావు స్కెచ్చుపెన్నుతో
ఊరికే వచ్చిపోయే మాటలు:
అది, ఇది, నేను, మా, కూడా, ఎక్కడ, ఉంది, లేదు.
వాచకంలో ఏ పేజీ తిప్పినా ఎదురయ్యేవి,
ఎవరూ పట్టించుకోనివి.
ఏనుగుకైతే బొమ్మ ఉంటుంది.
'కానీ'కి ఏం గీయను?

మూడు రోజులు అట్టలు చూపించడమే పని.
విడగొట్టొద్దు, కూడబలుక్కోవద్దు.
దోవలో మేనమామ కనపడితే
ముక్కొకసారి, చెవులొకసారి చూసి
ఆనక మామా అంటారా?
నవ్వారు. కొన్ని మాటలు మామలయ్యాయి.
'కానీ' మాత్రం పరాయిదిగానే ఉండిపోయింది,
బువ్వకాడ షంషాద్ లేచి
"గుడ్డు ఇచ్చారు సార్, కానీ పగిలిపోయింది"
అనేదాకా.
అట్ట తెచ్చి ఆ పిల్ల కంచం పక్కన పెట్టాను.
ఇప్పుడు ఆ మాట ఎక్కడ కనపడినా
"పగిలిన గుడ్డు సార్!" అని అరుస్తారు.
అరిచి, సరిగ్గా చదువుతారు.

'ఉంది'కి దారం కట్టి బోరింగుకు తగిలించాం.
మార్చి నెలాఖర్న ఒక పొద్దున చూద్దును గదా,
దాని చోట 'లేదు' వేలాడుతోంది.
ఎవరు మార్చారంటే ఎవరూ చెప్పలేదు.
పంపు కొట్టి చూశాను.
నిజమే, గాలి తప్ప ఏమీ రాలేదు.
మండలాఫీసుకు అర్జీ రాసి
ఆ అట్టను కూడా పిన్ను కొట్టి పంపాను.

మొన్న తనిఖీ కాగితం వచ్చింది.
ఒక్కొక్కర్నీ చదివించి
తప్పో ఒప్పో గళ్ళలో పెట్టాలి.
"పిల్లలు ఎక్కడ? ఇంట్లో ఎవరూ లేరు. తాళం ఉంది."
మాల్యాద్రి వేలు పెట్టలేదు,
పెదాలు కూడగట్టుకోలేదు.
ఒకసారి చూసి గడగడా చదివేశాడు:
"పిలకాయలు యాడ? ఇంట్లో ఎవురూ లేరు. తాళం ఉండాది."

ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపు కూచున్నాను.
కాగితం లెక్కన నాలుగు తప్పులు.
కానీ
(పగిలిన గుడ్డు నాకూ గుర్తొచ్చింది)
ఆ నాలుగు చోట్లా వాడు
అక్షరాల దగ్గర ఆగనే లేదు,
తిన్నగా వాళ్ళింట్లోకే నడిచి పోయాడు.

ఒప్పు పెట్టాను. ఆనక పక్కకు పిలిచి
"పుస్తకంలో ఏమని ఉందిరా ఇక్కడ?" అని అడిగాను.
"ఉంది అని సార్" అన్నాడు తేలిగ్గా.
"మనం ఉండాది అంటాం."

'మళ్ళీ' ఇంకా ఎవరికీ పట్టుబడలేదు.
రేపు పొద్దున దాన్నే
మళ్ళీ చూపించాలి.